పది అణాల సీసా – శ్రీబాగ్ ఒడంబడిక

తెలుగింట ఎవరికైనా తలనొప్పి వస్తే వైద్యునికంటె ముందు జ్ఞాపకం వచ్చేది అమృతాంజనం. మా దరియాలతిప్పలో వలలు వేసుకొని బ్రతికేవారి యిండ్లలో సయితం, గూటిలో దీపం ప్రక్కన ఆ పసుపుపచ్చ లేపనపు సీసా వుంటుంది. రాత్రంతా గోదావరి గాలికి తడిసి వచ్చినవాని కణతలకు యిల్లాలు ముందుగా రాసేది అదే. కాని దానిని తయారుచేసి అమ్మిన పెద్దమనిషి ఎవరో చెప్పమంటే పిల్లలలో నూటికి తొంబదిమంది తెల్లబోతారు. శ్రీబాగ్ ఒడంబడిక అనే మాటను వార్తాపత్రికలలో చదివినవారు మాత్రం పెద్దలలో చాలమంది వున్నారు. ఆ సీసా, ఆ ఒడంబడిక, రెండూ ఒకే మనిషి యింటివని జ్ఞాపకం చేయడానికే యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఎన్నికల దినాలలో మా కార్యాలయంలో ఒక చర్చ తప్పకుండా వస్తుంది. వ్యాపారస్థులు రాజకీయాలలోకి రావచ్చునా అని. "డబ్బున్నవాడు వస్తే తినడు" అని ఒక పక్షం. "పెట్టుబడి పెట్టినవాడు వడ్డీతో సహా రాబట్టుకోకుండా పోతాడా?" అని రెండవ పక్షం. రెండు పక్షాల వాదనా వినడానికి బాగానే వుంటుంది. మేము గుమాస్తాలము. ఎవరు ఏమి అన్నారన్నదానికంటె ఏ పద్దు ఎటునుంచి ఎటు పోయిందన్నదే మాకు ముఖ్యం. ఆ దృష్టితో చూసినప్పుడు మాకు ఎప్పుడూ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జమాఖర్చే ఎదుటికి వస్తుంది.

పంతులుగారు 1867వ సంవత్సరం మే 1వ తేదీన కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. స్వగ్రామంలోను బందరులోను చదివి, మదరాసు క్రైస్తవ కళాశాలకు వెళ్ళారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి రచనలు ఆ వయస్సులోనే ఆయనపై ముద్ర వేశాయి. ఆ కాలంలో అంతమాత్రం ఇంగ్లీషు చదివిన బ్రాహ్మణ కుర్రవానికి తెరచివున్న దారులు రెండే: ఒకటి సర్కారు కొలువు, రెండవది ప్లీడరీ. పంతులుగారు ఆ రెండూ కాదని వర్తకం నేర్చుకోవడానికి బయలుదేరారు. కలకత్తాలో కొంతకాలం వుండి, అక్కడినుంచి బొంబాయి చేరారు. విలియం అండ్ కంపెనీ అనే సంస్థలో ఉద్యోగం చేస్తూ వ్యాపారంలోని మెలకువలు తెలుసుకొన్నారు.

1893లో బొంబాయిలోనే అమృతాంజనం పుట్టింది. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం మొదలైనవి కలిపిన లేపనం అది. ఇందులో అద్భుతమైన రహస్యం ఏమీ లేదు. అద్భుతమంతా దానిని అమ్మిన తీరులో వుంది. సంగీత కచేరీలు జరిగేచోట సీసాలు వూరికే పంచిపెట్టేవారని చెప్పుకొంటారు. నాలుగు గంటలసేపు జనంలో కూర్చుని తల బరువెక్కినవానికి ఆ క్షణంలో చల్లటి లేపనం చేతికి అందితే, మరునాడు దానిని వెతుక్కుంటూ అంగడికి వెళ్ళడా? ధర పది అణాలుగా వుండేదట. ఆ దినాలలో పది అణాలంటే కూలివానికి చిన్న మొత్తం కాదు. అయినా ఒక సీసా యింటిల్లిపాదికీ నెలలతరబడి వస్తుంది. ఈ లెక్క ప్రతి యిల్లాలికీ తెలుసు గనుకనే సరుకు నిలిచింది.

ఇంతవరకు జరిగినది ఒక తెలివైన వర్తకుని కథ. ఇటువంటివారు బొంబాయిలో వేలమంది వుండేవారు. డబ్బు వచ్చినతరువాత మేడ, మేడపైన మరొక మేడ, కొడుకులకు కోడండ్లకు నగలు, చివరకు ఒక సత్రం. మన దేశంలో సంపన్నుల చరిత్ర సామాన్యంగా యీ వరుసలోనే నడుస్తుంది. పంతులుగారి చిట్టా వేరే దారి పట్టడానికి కారణం 1907లో సూరతులో జరిగిన కాంగ్రెసు మహాసభ. అతివాదులు, మితవాదులు రెండుగా చీలిపోయిన ఆ సభకు ఆయన వెళ్ళారు. దేశం నలుమూలలా ఎవరి భాషలో వారు పత్రికలు పెట్టుకొని రాజకీయాలు మాట్లాడుకొంటూండగా, తెలుగువారికి చాలినన్ని పత్రికలు లేవన్న సంగతి ఆయనను కలతపెట్టింది. బందరులో 1902నుంచి కృష్ణాపత్రిక వున్నమాట నిజమే. ఒక్క పత్రిక చాలుతుందా?

మరుసటి సంవత్సరం, 1908 సెప్టెంబరులో, బొంబాయినుంచి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. తెలుగు పత్రికకు బొంబాయి ఏమిటని యిప్పుడు మనకు తోస్తుంది. బట్టల మిల్లులలోను, ఇండ్ల కట్టుబడిలోను పొట్టపోసుకోవడానికి పోయిన తెలుగువారు అక్కడ వేలమంది వున్నారు. వ్యాపారం అక్కడే, అచ్చుయంత్రం అక్కడే. ముఖ్యంగా డబ్బు అక్కడే. పరాయి ఊరిలో వుండేవానికి తన భాష విలువ ఎక్కువగా తెలుస్తుందన్నది మరొక కారణం కావచ్చు. మూడు తరాలుగా ఫ్రెంచి కాగితాలపై సంతకాలు పెడుతూ, తమిళులు అధికంగావున్న రాజధానికి అర్జీలు పంపుకొంటూ, ఇంటిలో మాత్రం తెలుగులోనే తిట్టుకొని తెలుగులోనే ఏడ్చే మన యానాంవారికి ఆ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

1914 ఏప్రిల్ 1వ తేదీనుంచి ఆంధ్రపత్రిక మదరాసులో దినపత్రిక అయింది. నాలుగు నెలలు తిరగకుండా ఐరోపాలో మహాయుద్ధం వచ్చి పడింది. ప్రతి గ్రామంలోను యుద్ధవార్తలకోసం జనం ఎదురుచూడసాగారు. చదవడం వచ్చినవాడు రచ్చబండమీద పైకి చదవడం, రానివారు చుట్టూ చేరి వినడం, ఈ అలవాటు తెలుగు పల్లెలలో స్థిరపడింది ఆ యుద్ధకాలంలోనే. కష్టనష్టాలు తెలిసిన వర్తకునికి కాలం కూడా కలిసివచ్చిందని మేము అంటాము. కాని కలిసివచ్చిన కాలాన్ని ఎలా వాడుకొన్నారన్నది చూడాలి. 1908లో "స్వరాజ్య" పత్రికలో వ్రాసిన వ్యాసానికి రాజద్రోహనేరం క్రింద మూడేండ్ల కఠినశిక్ష అనుభవించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తరువాత కొంతకాలం ఆంధ్రపత్రికకు సంపాదకులుగా వున్నారు. జైలునుంచి వచ్చిన మనిషిని పలకరించడానికే బంధువులు భయపడే దినాలు అవి. పోలీసువారి కన్ను ఎప్పుడూ వుండే ఆ మనిషిని పిలిచి తన పత్రిక పగ్గాలు చేతికి యివ్వడమంటే, తన అమృతాంజనం వ్యాపారాన్ని కూడా సర్కారు కోపానికి ఎదురు నిలపడమే. లాభంకోసం పత్రిక పెట్టినవాడు చేసే పని కాదు అది.

ఆ తరువాతి ఖర్చు పద్దులు చాలా పొడుగు. 1924 జనవరిలో "భారతి" మాసపత్రిక. మన పెద్దల పెట్టెలలో పాత భారతి సంచికలు ఒకటో రెండో యిప్పటికీ దొరుకుతాయి. చరిత్ర పరిశోధన ఒక పుటలో, భావకవిత్వం మరొక పుటలో, వాటి మధ్యనే భాషావివాదాలు. తెలుగులో ఆరు దశాబ్దాలకు పైగా ఏ పండితుడు ఏ శాసనం చదివినా, ఏ యువకవి కలం పట్టినా ముందు చూసేది భారతివైపే. 1926లో ఆంధ్ర గ్రంథమాల. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించగా ఆ మాలలోనే అచ్చువేశారు. ఏడు వందల యేండ్లనాటి తెలుగు కావ్యం సామాన్యుడు కొనగల ధరకు దొరకడం అంతకుముందు ఎక్కడిది? కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో మరణించడంతో నిలిచిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తిరిగి వెలువరించే భారాన్ని కూడా పంతులుగారే ఎత్తుకొన్నారు. ఇవి కాక గ్రంథాలయాలకు, విద్యార్థులకు, సహాయంకోరి వచ్చినవారికి యిచ్చినది వేరే. అది ఖాతాకు ఎక్కిన సొమ్ము కాదు. "విశ్వదాత" అని, "దేశోద్ధారక" అని బిరుదులు వూరికే రాలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంవారు "కళాప్రపూర్ణ" బిరుదంతో గౌరవించారు.

ఇక రాజకీయం. 1924నుంచి 1934వరకు వచ్చిన కాలంలో ఆయన పలుమార్లు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగా పనిచేశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చేసరికి ఆయనకు అరవైమూడేండ్లు. ఆ వయస్సున, ఆ సంపదతో, మందుల కంపెనీ యజమాని జైలుకు వెళ్ళారు. జైలులో కూర్చుని భగవద్గీతకు వ్యాఖ్యానం వ్రాశారు.

ఉప్పు మాట వచ్చింది గనుక మన ఊరి సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాము. సముద్రం ముంగిట వున్నా మనవారికి ఉప్పుపైన స్వేచ్ఛ వుండేది కాదు. 1815లో లండనులో ఆంగ్లేయులు, ఫ్రెంచివారు చేసుకొన్న ఒప్పందం ప్రకారం ఫ్రెంచి స్థావరాలలోని ఉప్పు వ్యాపారం ఆంగ్లేయుల చేతికి పోయింది. బదులుగా ఏడాదికి నాలుగు లక్షల రూపాయలు ఫ్రెంచి ప్రభుత్వానికి ముట్టేవి. జెండా ఎవరిదైనా ఉప్పు ఆంగ్లేయునిదే! 1930లో పంతులుగారి వంటి పెద్దలు ఏ చట్టాన్ని ధిక్కరించి జైలుకు వెళ్ళారో దాని నీడ సరిహద్దు యివతల దరియాలతిప్ప తీరాన కూడా పడివుందని యిందుకే అంటున్నాము.

వర్తకుడు రాజకీయంలోకి వస్తే వ్యాపారం ఏమి కావాలి అన్న ప్రశ్నకు ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క జవాబు. స్విట్జర్లాండులో క్రిస్టోఫ్ బ్లోఖర్ అనే ఆయన వున్నారు. 1940లో ఒక పాస్టరుగారి యింట పుట్టి, ముందు వ్యవసాయం నేర్చి, తరువాత న్యాయశాస్త్రం చదివి, ఎమ్స్ అనే రసాయనాల కంపెనీలో చేరి, 1983లో ఆ కంపెనీనే కొన్నారు. మరొక ప్రక్క రాజకీయాలు నడిపారు. ఐరోపా ఆర్థిక మండలంలో తమ దేశం చేరరాదని ఆయన సాగించిన ప్రచారం 1992 డిసెంబరు 6నాటి ప్రజాభిప్రాయ సేకరణలో వెంట్రుకవాసి తేడాతో నెగ్గింది. 2003 డిసెంబరులో ఏడుగురు సభ్యులుండే అక్కడి మంత్రిమండలికి ఎన్నిక కాగానే కంపెనీని తన పిల్లలకు అప్పగించారు. నాలుగేండ్లకు, 2007 డిసెంబరులో, పార్లమెంటువారు ఆయనను తిరిగి ఎన్నుకోలేదు. కంపెనీని నడిపిన కూతురు తరువాత 2015లో తానూ పార్లమెంటుకు వెళ్ళింది.

అక్కడి పద్ధతి అది. పదవికి ముందు వ్యాపారానికి, మనిషికి మధ్య ఒక గోడ కట్టాలి. గోడకు యివతల తండ్రి, అవతల బిడ్డలు నిలబడితే అది ఎంత గట్టి గోడో చదువరులే ఆలోచించుకోవచ్చు. పంతులుగారు గోడ కట్టలేదు, తలుపు తెరిచారు. కాని ఆ తలుపులోనుంచి సొమ్ము ఒక వైపుకే నడిచింది. సీసానుంచి పత్రికకు, పత్రికనుంచి ఉద్యమానికి. ఉద్యమంనుంచి సీసాకు తిరిగివచ్చిన దారి మాకు ఎక్కడా కనబడలేదు. ఆ కాలంలో కాంగ్రెసు అధ్యక్షపదవితో కాంట్రాక్టులు రావు, జైలు వస్తుంది. అందువలన ఆ రోజులకు, ఈ రోజులకు పోలిక పెట్టరాదని కొందరు అంటారు. పోనిండి. పదవిలో లాభం లేని కాలంలోనైనా పదవికి పోయిన వర్తకులు ఎందరు?

ఇంతకూ మేము వ్రాయదలచిన అసలు సంగతి శ్రీబాగ్. మదరాసు మైలాపూరులో పంతులుగారి నివాసం పేరు అది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరిక 1913లో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభనాటినుంచి వున్నదే. అయితే ఆ కోరికకు మొదటి అడ్డు తమిళులూ కారు, ఆంగ్లేయులూ కారు. తెలుగువారిలోని అనుమానాలు. సర్కారు జిల్లాలకు కృష్ణా గోదావరుల నీరుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తి అయింది, బెజవాడ ఆనకట్ట మరి మూడేండ్లకు. ఆ నీటితో పంట, పంటతో చదువు, చదువుతో ఉద్యోగం, ఉద్యోగంతో రాజకీయం. రాయలసీమకు మిగిలింది కరవు. సర్కారువారితో కలిసి ఒక రాష్ట్రం అయితే మదరాసు పెత్తనం పోయి బెజవాడ పెత్తనం వస్తుంది, అంతే కదా అని సీమవారు అనుకొన్నారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు దాని స్థానం గురించి జరిగిన పెనుగులాట ఆ అనుమానాన్ని పెంచింది. చివరకు అది వాల్తేరులో స్థిరపడింది, సీమ జిల్లాలు మదరాసు విశ్వవిద్యాలయంతోనే వుండిపోయాయి.

డెల్టా కొసన వున్న మాబోటివారికి సీమవారి మాట త్వరగా బోధపడదు. మాకు ఎప్పుడూ నీరు ఎక్కువై కష్టం. వరద వస్తే గోదావరి, తుపాను వస్తే సముద్రం, రెండూ మా తిప్పమీదికే వస్తాయి. గుక్కెడు మంచినీళ్ళకోసం ఆమడ దూరం నడిచే ఊళ్ళు వున్నాయంటే కథగా వింటాము. ఎలకుర్రులో పుట్టిన పంతులుగారిది కూడా కృష్ణా డెల్టాయే. డెల్టా మనిషి తన యింటికి సీమ పెద్దలను పిలిచి కూర్చోపెట్టడంలో వున్న ఔచిత్యం యీ సంగతి తెలిస్తేనే అర్థమవుతుంది.

1937 అక్టోబరులో బెజవాడలో ఆంధ్రమహాసభ రజతోత్సవం కడప కోటిరెడ్డిగారి అధ్యక్షతన జరిగింది. అనుమానాలు తీర్చడానికి ఒక ఉపసంఘం వేశారు. ఆ ఫలితంగా నవంబరు 16వ తేదీన శ్రీబాగ్‌లో పెద్దలు సమావేశమయ్యారు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, కొండ వెంకటప్పయ్యగారు, కోటిరెడ్డిగారు, కల్లూరి సుబ్బారావుగారు, పప్పూరి రామాచార్యులుగారు మొదలైనవారు సంతకాలు చేశారు. కాగితం పొడుగేమీ కాదు. దాని సారం యిది. విశ్వవిద్యాలయానికి వాల్తేరుతోపాటు అనంతపురంలో కూడా ఒక కేంద్రం వుండాలి. సీమను, నెల్లూరును సర్కారు జిల్లాల స్థాయికి తేవడానికి పదేండ్లపాటు, అవసరమైతే యింకా ఎక్కువ కాలం, తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి పథకాలలో వాటికే ముందు పీట వేయాలి. శాసనసభలో జిల్లాకు సమానంగా స్థానాలు వుండాలి. రాజధాని, హైకోర్టు, విశ్వవిద్యాలయం అన్నీ ఒకేచోట కుప్పపోయరాదు. విశ్వవిద్యాలయం వున్నచోటనే వుండి, రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు రావాలి. వాటిలో ఏది కావాలో కోరుకొనే హక్కు సీమది.

మేము యీ ఒడంబడికను ఎన్నిసార్లు చదివినా వర్తకుల యింట పుట్టిన కాగితంగానే మాకు కనిపిస్తుంది. ఉపన్యాసం లేదు. తెలుగుజాతి ఔన్నత్యం, రాయలనాటి వైభవం అనే మాటల ఆడంబరం లేదు. ఎవరికి ఏది, ఎంతకాలం, ఎంపిక ఎవరిది, అంతే. భాగస్తుల పత్రం యిలాగే వుంటుంది. లోపం అంతా ఒకచోటే వుంది. భాగస్తుల పత్రం రిజిస్టరీ అవుతుంది, దీనికి ఆ భాగ్యం లేకపోయింది. పెద్దమనుషుల ఒప్పందం అన్నారు. పెద్దమనుషులు వున్నంతకాలం అది నిలుస్తుంది.

అందరికంటె ముందు ఆ యింటి యజమానే పోయారు. ఒడంబడిక జరిగి ఆరు నెలలు నిండకుండానే, 1938 ఏప్రిల్ 11వ తేదీన, డెబ్బదియొకటవ యేట పంతులుగారు మరణించారు. ఆయన కోరిన రాష్ట్రాన్ని ఆయన చూడలేదు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికలను, అమృతాంజనమును నడిపారు.

తరువాత సంగతి క్లుప్తంగా చెబుతాము. 1948లో కాంగ్రెసు వేసిన ముగ్గురు సభ్యుల సంఘంలో నెహ్రూ, పటేలుగార్లతోపాటు శ్రీబాగ్ సంతకందారు పట్టాభిగారు కూడా వున్నారు. మదరాసు నగరం మీద ఆశ వదులుకొంటే ఆంధ్ర రాష్ట్రం యివ్వవచ్చునని ఆ సంఘం చెప్పింది. పొట్టి శ్రీరాములుగారు బులుసు సాంబమూర్తిగారి యింట నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. ఆ యిల్లు కూడా మైలాపూరులోనిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు శ్రీబాగ్ కాగితం బయటికి వచ్చింది. సీమ రాజధానిని కోరుకొంది, కర్నూలుకు రాజధాని వచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. డేరాలలో కచేరీలు నడిచినా, మాట నిలబడింది.

నిలబడినది మూడేండ్లు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని, హైకోర్టు రెండూ హైదరాబాదుకు చేరాయి. సీమకు రాజధానీ లేదు, హైకోర్టూ లేదు. నీటి సంగతికి వస్తే తుంగభద్ర ఆనకట్ట 1953లో వచ్చిన మాట నిజం. కాని 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరం నీరు ముఖ్యంగా కోస్తాకు, తెలంగాణాకు. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం రావడానికి 1981వరకు పట్టింది. 2014 జూన్ 2న రాష్ట్రం తిరిగి రెండయినప్పుడు, సీమవారు పాత పెట్టె తీసి అదే కాగితాన్ని మళ్ళీ బయటపెట్టారు. రాజధానిగా అమరావతిని ఎంచుకొన్నారు. హైకోర్టు 2019 జనవరి 1న అక్కడికే వచ్చింది. 2020లో మూడు రాజధానులని, కర్నూలుకు న్యాయరాజధాని అని చట్టం చేసి, 2021 నవంబరులో ఉపసంహరించుకొన్నారు. ఈ వాదాలన్నిటిలో ఏ పక్షంవారు మాట్లాడినా శ్రీబాగ్ పేరు ఎత్తనివారు లేరు. ఆ పేరుగల యింటివారు ఎవరో ఎరిగి ఎత్తినవారు ఎందరన్నది మా సందేహం.

మన యానాంవారికి యిందులో పాలు ఏమిటని అడిగేవారు వుంటారు. న్యాయమైన ప్రశ్న. 1937లో ఆ పెద్దలు జిల్లాలు పంచుకొంటున్నప్పుడు మనము ఆ లెక్కలోనే లేము. మనది వేరే రాజ్యం. బ్రిటిషు ఇండియాలో 1930నుంచి శారదా చట్టం అమలుకు రాగా, చిన్నపిల్లల పెండ్లిండ్లు చేయడానికి చుట్టుప్రక్కల జిల్లాలవారు మన ఊరికి బండ్లు కట్టుకొని వచ్చేవారు. కల్యాణపురం అని పేరు కూడా పెట్టారు. వీరేశలింగంగారి శిష్యకోటిలో పెరిగిన పంతులుగారివంటివారు ఆ పేరు విని సంతోషించి వుండరు. 1953లో మన చుట్టూ ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మనపైన ఫ్రెంచి జెండాయే వుంది. 1954 జూన్ 13న విమోచనం, నవంబరు 1న అధికారాల బదిలీ, 1962 ఆగస్టు 16న న్యాయసమ్మతమైన విలీనం. అప్పుడు కూడా పుదుచ్చేరితోనే వున్నాము, యిప్పటికీ వున్నాము. మన రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. దూరపు రాజధానికి మన గోడు వినబడాలంటే ఏమి వ్రాసుకోవాలి, ఎవరితో వ్రాయించుకోవాలి అనే ప్రశ్న మనకు తెలియనిది కాదు. అందుకనే సీమవారి కాగితం మనకు పరాయి కాగితం కాదని మేము అనుకొంటాము. విలీనం వేళ మన ఆచారవ్యవహారాలు, మన భాష, మన ప్రత్యేకత నిలుపుతామని పెద్దలు చెప్పిన మాటలు మన యిండ్లలో కూడా ముసలివారు తలచుకొంటూనే వుంటారు.

పంతులుగారి పద్దులలో యీనాటికి మిగిలినవి ఏవి? ఆంధ్రపత్రిక ఎనిమిది దశాబ్దాలకు పైగా నడిచి 1991లో ఆగిపోయింది. భారతి కూడా లేదు. వాటి పాత సంచికలు గ్రంథాలయాలలో, కొందరి యిండ్లలో చెదలతో పోరాడుతున్నాయి. మీలో ఎవరి యింటనైనా పాత ఉగాది సంచికలుంటే తూకానికి వేయకుండా ఏదైనా గ్రంథాలయానికి చేర్చమని కోరుతున్నాము. మైలాపూరులో లజ్ దగ్గర ఆయన పేరిట ఒక ఉద్యానవనం వుంది. ఉదయం వేళ నడకకు వచ్చే పెద్దవారు అక్కడ బెంచీలమీద కూర్చుంటారు. వారిలో తెలుగువారు ఎందరో, ఆ పేరు ఎవరిదో తెలిసినవారు ఎందరో! అమృతాంజనం కంపెనీ మాత్రం నడుస్తూనే వుంది. ఆయన పెట్టిన వాటన్నిటిలో ఆయన ఖర్చు పెట్టనిది, తిరిగి సంపాదించి పెట్టినది అదొక్కటే గనుక నిలిచిందని మా గుమాస్తా బుద్ధికి తోస్తుంది.

కర్నూలులో హైకోర్టు ధర్మాసనం ఒకటి ఏర్పాటు చేయాలని 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. శ్రీబాగ్ కాగితంమీద సంతకాలు పడిన నవంబరునుంచి ఆ నవంబరుకు ఎనబదియేడు సంవత్సరాలు.